కారుకి పెయింట్ వేయించే ముందు అద్దాలు తీయించండి

కారు మొత్తానికి పెయింట్ వేయిస్తుంటే అద్దాల చుట్టూ టేపు అంటించి సరిపెట్టకండి. రబ్బరు పక్కన పెయింట్ గీతలా ఆగిపోతుంది, కొన్నాళ్ళకి అక్కడి నుంచే పొర లేస్తుంది. పైగా రబ్బరు కింద దాక్కున్న తుప్పు అద్దం తీస్తే తప్ప కనిపించదు.

పాత కార్లలో ముందు అద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చుని ఉంటుంది. లోపలి నుంచి రబ్బరు అంచుని ప్లాస్టిక్ పుల్లతో లేపుతూ, పై మూల దగ్గర అరచేతులతో మెల్లగా నెట్టాలి. బయట ఇంకొకరు పట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరుని అద్దానికి తొడిగి, కారు రేకుని పట్టుకునే దాని గాడిలో చుట్టూ సన్నని తాడు పెట్టి, సబ్బు నీళ్ళు రాసి, అద్దాన్ని చోట్లో ఆనించండి. లోపలి నుంచి తాడు లాగుతూ వస్తే రబ్బరు దానంతటదే రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది. చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో!

ఈ కాలం కార్లలో అద్దాన్ని యురేథేన్ జిగురుతో అతికిస్తారు. తీగతో కోసి తీయాలి కాబట్టి అది తెలిసినవాళ్ళకే వదిలేయండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: పాత జిగురు 1-2 మిల్లీమీటర్ల పొర రేకు మీదే ఉంచి, దానిపై టేపు వేసి పెయింట్ కొట్టమనండి. కొత్త జిగురు ఆ పొరకి పట్టినంత గట్టిగా తాజా పెయింట్‌కి పట్టదు. ముందు అద్దం దగ్గర కారు తనంతట తాను రోడ్డుని చూసే కెమెరా ఉంటే, బిగించాక కాలిబ్రేషన్ (దాని చూపు సరిచేయడం) చేయించండి.

డోర్ అద్దాలు చాలావరకు టెంపర్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గ్లాసు, అంచుకి దెబ్బ తగిలితే మొత్తం ముక్కలైపోతాయి. దుప్పటి మీదే పెట్టండి. టింట్ ఫిల్మ్‌కైతే సాధారణంగా అద్దాలు తీయక్కర్లేదు, లోపలి వైపే అంటిస్తారు.