‘ప్రొనున్సియామియెంతో’ను ఎలా అర్థం చేసుకోవాలి

స్పెయిన్ చరిత్రను అనువదిస్తూ ‘ప్రొనున్సియామియెంతో’ అనే స్పానిష్ మాట దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. ‘ప్రకటన’ అని రాస్తే చప్పగా ఉంది, ‘సైనిక కుట్ర’ అంటే అర్థం తప్పిపోతోంది.

ముందు మూలం చూడండి. ‘ప్రొనున్సియార్’ అంటే పలకడం, ప్రకటించడం. లాటిన్‌లో ‘నున్షియుస్’ అంటే వార్తాహరుడు. అంటే ఈ మాటకు ప్రాణం నోటితో బయటికి చెప్పడంలోనే ఉంది.

తర్వాత ఒక్క సంఘటన పట్టుకోండి. 1820 జనవరి 1న లాస్ కాబెసాస్ దె సాన్ హువాన్ అనే ఊళ్లో రఫాయెల్ దెల్ రియేగో అనే సైన్యాధికారి తన సైనికుల ముందు, రాజు రద్దు చేసిన 1812 రాజ్యాంగాన్ని ప్రకటించాడు. ఆ సేన అమెరికా ఖండంలోని స్పెయిన్ వలస రాజ్యాలపై యుద్ధానికి ఓడ ఎక్కాల్సింది! మిగతా దండులు, పట్టణాలు కలిసి రావాలన్నదే ఆశ. మార్చిలో రాజు ఏడవ ఫెర్నాండో ఆ రాజ్యాంగానికి తలవంచాడు.

కాబట్టి వాక్యంలో మూడు వెతకండి: సైన్యాధికారి, బహిరంగ ప్రకటన, ఇతరుల మద్దతు కోసం పిలుపు. మూడూ ఉంటే ‘తిరుగుబాటు ప్రకటన’ అని రాయండి. చాటుగా కోటను పట్టుకుంటే అది వేరు. 19వ శతాబ్దపు మెక్సికోలోనూ ఇదే మాట వాడుకలో ఉండేది. ఇంగ్లీషులో ‘ప్రొనున్సియమెంటో’ అని కనిపిస్తే మాత్రం సందర్భం చూసుకోండి, అక్కడ మామూలు రాజకీయ ప్రకటనకూ వాడతారు.