విమ్ పాఠాలు – 4: ఒకసారి మార్చండి, మిగతాది చుక్కకు వదిలేయండి

పోయిన భాగం చివర ఇచ్చిన పని గుర్తుందా? కర్సర్ ఉన్న చోటు నుంచి కామా దాకా చెరపాలి, కామా మాత్రం మిగలాలి. జవాబు డి-టి-కామా. డి-ఎఫ్-కామా కొట్టినవాళ్లకు కామా కూడా ఎగిరిపోయి ఉంటుంది. ఎఫ్ ఆ అక్షరం మీదికే వెళ్తుంది, టి దానికి ఒక అడుగు ముందే ఆగుతుంది. తేడా అంతే.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. విమ్ అంటే మౌస్ లేకుండా కీబోర్డుతోనే నడిపే టెక్స్ట్ ఎడిటర్. ఈ పాఠాల్లో కీల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. మధ్యలో గీత ఉంటే ఒకదాని తర్వాత ఒకటి నొక్కాలని అర్థం. పెద్దక్షరం కావలసిన చోట 'షిఫ్ట్' అని విడిగా చెబుతాను. లేకపోతే అన్నీ చిన్నక్షరాలే.

ఇంతవరకు డి, సి, వై అనే మూడు కీలతో పని చేశాం. డి చెరుపుతుంది. సి చెరిపి వెంటనే ఇన్సర్ట్ మోడ్‌లోకి, అంటే అక్షరాలు టైపు చేసే స్థితిలోకి, తీసుకెళ్తుంది. వై కాపీ చేస్తుంది. వీటి వెనక ఎటు కదలాలో చెప్పే కీ పెట్టాం: డి-డబ్ల్యూ, సి-టి-కామా, ఇలా. ఇందులో ఒక చిక్కుంది. కర్సర్ సరిగ్గా మొదట్లో ఉంటేనే ఇవి అనుకున్న పని చేస్తాయి. పదం మధ్యలో ఉండి డి-డబ్ల్యూ కొడితే సగం పదమే పోతుంది, ముందు సగం అక్కడే మిగిలిపోతుంది. అందుకని చాలామంది ముందు బి కొట్టి పదం మొదటికి వెళ్లి, ఆ తర్వాత డి-డబ్ల్యూ కొడతారు. అంత శ్రమ అక్కర్లేదు.

డి-ఐ-డబ్ల్యూ కొట్టి చూడండి. కర్సర్ పదంలో ఎక్కడున్నా పదం మొత్తం పోతుంది. ఇక్కడ ఐ-డబ్ల్యూ అనేది కదలిక కాదు, ఒక వస్తువు. 'ఇక్కడి నుంచి అక్కడి దాకా' అనే బదులు 'నేనున్న ఈ పదం' అని చెబుతున్నాం. ఐ బదులు ఏ పెడితే, అంటే డి-ఏ-డబ్ల్యూ కొడితే, పదంతో పాటు పక్కనున్న ఖాళీ కూడా పోతుంది. వాక్యంలోంచి ఒక పదాన్ని పూర్తిగా తీసేయాలంటే ఏ నయం, ఆ పదం స్థానంలో ఇంకోటి రాయాలంటే ఐ నయం. డబ్ల్యూ చోట పి పెడితే పేరా, ఎస్ పెడితే వాక్యం. బ్రాకెట్ పెడితే బ్రాకెట్ల మధ్యనున్నది, కోట్ గుర్తు పెడితే కోట్స్ మధ్యనున్నది. అన్నిటిలోకీ రోజూ చేతికి వచ్చేవి ఈ కోట్స్, బ్రాకెట్లే. వాటితోనే ఈరోజు అసలు పాఠంలోకి వెళ్దాం.

ఈ మూడు లైన్లు ఒక ఫైల్లో టైపు చేసుకోండి. కోట్స్ నిలువుగా ఉండే మామూలువే కొట్టాలి.

రంగు = "ఎరుపు"
అంచు = "ఎరుపు"
నేపథ్యం = "ఎరుపు"

మొదటి లైను మొదట్లో కర్సర్ పెట్టి సి-ఐ-కోట్ కొట్టండి. కోట్స్ దాకా వెళ్లకపోయినా, అదే లైన్లో కుడివైపున్న కోట్స్‌ను విమ్ తనే వెతుక్కుంటుంది. లోపలిది ఖాళీ చేసి ఇన్సర్ట్ మోడ్‌లో నిలబెడుతుంది. 'నీలం' అని టైపు చేసి ఎస్కేప్ నొక్కండి. ఇప్పుడు జే నొక్కి కింది లైనుకు దిగి, చుక్క కీ నొక్కండి. రెండో లైను కూడా నీలం అయిపోతుంది. మళ్ళీ జే, మళ్ళీ చుక్క. అయిపోయింది.

చుక్క కీ చేసేది ఒకటే పని: మీరు చివరగా చేసిన మార్పును ఇంకోసారి చేయడం. మార్పు అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నదే ఇక్కడ పట్టుకోవలసిన విషయం. ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్లే కమాండ్ దగ్గర మొదలై ఎస్కేప్‌తో ముగిసేదంతా ఒక్క మార్పు. పై ఉదాహరణలో 'కోట్స్ లోపలిది తీసేసి నీలం అని రాయి' అన్నది మొత్తం ఒకే మూట. అదే సి-ఐ-కోట్ బదులు, నార్మల్ మోడ్‌లో, అంటే కీలు కమాండ్లుగా పనిచేసే స్థితిలో, ఒక్కో అక్షరం చెరిపే ఎక్స్ నాలుగైదు సార్లు కొట్టి పాత పదాన్ని చెరిపి, ఐ కొట్టి ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్లి కొత్తది రాసి ఉంటే? పని అవుతుంది. కానీ చుక్క నొక్కితే చివరి ముక్క ఒక్కటే, అంటే 'నీలం అని చేర్చు' అన్నదే జరుగుతుంది. రెండో లైన్లో ఎరుపు అలాగే ఉంటుంది, దాని పక్కన నీలం వచ్చి చేరుతుంది.

చేసినదాన్ని రద్దు చేసే యు కీ కూడా ఇదే లెక్కలో నడుస్తుంది. ఒక్క యు కొడితే ఒక్క మూట వెనక్కి పోతుంది. అరపేజీ ఏకబిగిన టైపు చేసి యు కొడితే అరపేజీ మాయమై టెన్షన్ పుట్టేది అందుకే. కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కండి, తిరిగి వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇన్సర్ట్ మోడ్‌లో ఉండగా బాణం కీలు వాడితే ఆ మూట అక్కడే తెగిపోతుంది. సి-ఐ-కోట్ కొట్టి, నాలుగక్షరాలు టైపు చేసి, బాణంతో వెనక్కి జరిగి ఇంకో అక్షరం చేర్చి ఎస్కేప్ కొట్టారనుకోండి. చుక్కకు గుర్తుండేది బాణం తర్వాత చేర్చిన ఆ ఒక్క అక్షరమే. తప్పు పడితే బ్యాక్‌స్పేస్‌తో చెరుపుకోండి, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. బాణం కీలు మానమని ఇంటర్నెట్లో వేదాంతం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్నడిగితే మానడానికి అసలు కారణం ఇదొక్కటే, ఇది చాలు.

తెలుగులో టైపు చేసేవాళ్లకు చుక్క వల్ల ఇంకో లాభం. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా ఎస్కేప్ కొట్టి జే నొక్కితే, విమ్‌కు అందేది తెలుగు అక్షరం. దాన్ని అది కమాండ్‌గా గుర్తించదు. కాబట్టి ప్రతి లైన్లో తెలుగు, ఇంగ్లీషు, మళ్ళీ తెలుగు అని మార్చుకుంటూ కూర్చోవాలి. చుక్క ఉంటే తెలుగు ఒక్కసారే టైపు చేస్తాం. ఇంగ్లీషుకు మారాక మిగతా అన్ని చోట్లా చుక్కే ఆ తెలుగును పెట్టుకుంటూ పోతుంది.

చుక్క అన్నిటినీ గుర్తుపెట్టుకోదు. కర్సర్ కదలికలు దాని లెక్కలోకి రావు. ఎఫ్, టి లతో వెతికినదాన్ని మళ్ళీ చేయాలంటే సెమికోలన్, వెనక్కి రావాలంటే కామా. కోలన్‌తో మొదలయ్యే కమాండ్‌ను మళ్ళీ చేయాలంటే ఎట్ గుర్తు, వెంటనే కోలన్.

మార్చాల్సినవి వరుస లైన్లలో కాకుండా ఫైలంతా చెదిరి ఉంటే? మార్చాల్సిన పదం మీద కర్సర్ పెట్టి నక్షత్రం గుర్తు కొట్టండి. విమ్ ఆ పదం కోసం వెతికి తర్వాతి చోటికి దూకుతుంది. అక్కడ సి-జీ-ఎన్ కొట్టి కొత్త పదం రాసి ఎస్కేప్ నొక్కండి. జీ-ఎన్ అంటే 'వెతికినదానిలో తర్వాత దొరికేది'. వెతకడం కూడా మార్పు మూటలోకే వచ్చేసింది కాబట్టి ఇక చుక్క మీద చుక్క కొడుతూ పోవడమే, దూకడమూ మార్చడమూ రెండూ అదే చేస్తుంది. ఒకదాన్ని వదిలేయాలనుకుంటే ఎన్ కొట్టి దాని మీదికి వెళ్లి, ఇంకో ఎన్‌తో దాటేయండి. ఫైలు మొత్తం కళ్లు మూసుకుని మార్చడానికి కోలన్-శాతం-ఎస్ ఉంది. కానీ కొన్ని మార్చి కొన్ని వదలాల్సిన చోట నేను సి-జీ-ఎన్‌కే ఓటు వేస్తాను.

ఇక సెట్టింగులు. వీటిని విమ్‌ఆర్‌సి అనే ఫైల్లో రాసుకుంటాం. మీ హోమ్ ఫోల్డర్లో ఉంటుంది, పేరు చుక్కతో మొదలవుతుంది. విండోస్‌లో చుక్క బదులు అండర్‌స్కోర్ పెట్టొచ్చు. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ వాడేవాళ్లకు ఫైలు పేరు, చోటు వేరు, కింద చెప్పే చిక్కు వాళ్లకు రాదు.

ఆ చిక్కు ఏమిటంటే, మీకంటూ విమ్‌ఆర్‌సి లేనంతకాలం విమ్ తన సొంత సెట్టింగుల ఫైలు ఒకటి చదువుకుంటుంది. దాని పేరు డీఫాల్ట్స్ డాట్ విమ్, 2016లో వచ్చిన 8.0 నుంచి ఉంది. మీరు విమ్‌ఆర్‌సి సృష్టించిన క్షణం నుంచి దాన్ని చదవడం మానేస్తుంది. ఒక్క లైను రాసి సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే, అక్షరాల రంగులు పోతాయి, చాలా వెర్షన్లలో ఇన్సర్ట్ మోడ్‌లో బ్యాక్‌స్పేస్ పాత అక్షరాలను చెరపనని మొండికేస్తుంది. మీరు రాసిన లైనులో తప్పేమీ లేదు. విమ్‌ఆర్‌సి మొదటి లైనుగా సోర్స్ అని రాసి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, దానికి అంటుకుని పెద్దక్షరాల్లో విమ్‌రన్‌టైమ్, స్లాష్, డీఫాల్ట్స్ డాట్ విమ్ అని పెట్టండి. అన్నీ తిరిగి వస్తాయి.

దాని కింద ఈరోజుకు మూడే లైన్లు (ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే): సెట్ హెచ్ఎల్‌సెర్చ్, సెట్ ఇగ్నోర్‌కేస్, సెట్ స్మార్ట్‌కేస్. మొదటిది వెతికిన పదం ఎక్కడెక్కడ ఉందో రంగు వేసి చూపిస్తుంది. సి-జీ-ఎన్ వాడేటప్పుడు ఇది లేకపోతే, తర్వాతి చుక్క దేన్ని మారుస్తుందో కనిపించదు. తక్కిన రెండూ కలిసి, మీరు చిన్నక్షరాలతో వెతికితే రెండు రకాలూ చూపిస్తాయి, ఒక్క పెద్దక్షరం కలిపినా అచ్చంగా అదే వెతుకుతాయి. అయితే నక్షత్రం గుర్తుతో వెతికినప్పుడు స్మార్ట్‌కేస్ పనిచేయదు. పెద్దక్షరం ఉన్న పదం మీద నక్షత్రం కొట్టినా చిన్నక్షరాలవీ దొరుకుతాయి, చుక్క వాటినీ మార్చేస్తుంది. రంగు చూసుకుంటూ నొక్కండి.

చివరగా ఒక మ్యాపింగ్, అంటే కీలకు మనకు కావలసిన పని అప్పగించడం. ఎస్కేప్ కీ చేతికి దూరమని అందరూ అనేదే. 1976లో బిల్ జాయ్ విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్ రాసిన రోజుల్లో వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్లో, ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట ఎస్కేప్ ఉండేది, అప్పట్లో అది చిటికెన వేలికి అందేది. మనకు అందకపోతే ఇన్సర్ట్ మోడ్‌లో జే-కే కొట్టడాన్నే ఎస్కేప్‌గా మార్చుకోవచ్చు. లైను ఇలా ఉంటుంది: ఐనోరీమ్యాప్, ఖాళీ, జేకే, ఖాళీ, కోణపు బ్రాకెట్లలో ఎస్క్ అనే మూడక్షరాలు. జే కొట్టగానే తర్వాత కే వస్తుందేమోనని విమ్ ఒక సెకను ఎదురుచూస్తుంది. ఆ గడువు టైమ్‌అవుట్‌లెన్ అనే సెట్టింగులో ఉంటుంది, మామూలుగా 1000 మిల్లీసెకన్లు. తెలుగు కీబోర్డులో ఉండగా ఇది పనిచేయదు, అప్పుడు అసలు ఎస్కేపే దిక్కు.

పేరు మధ్యలో ఉన్న 'నోరీ' ఎందుకని అడుగుతారు. అది లేకుండా, నార్మల్ మోడ్ కీలను మార్చే వట్టి ఎన్‌మ్యాప్‌తో జే కీని కే గా, కే కీని జే గా మార్చి చూడండి. జే నొక్కితే కే కావాలి, కే మళ్ళీ జే కావాలి, అది మళ్ళీ కే. అలా 1000 సార్లు తిరిగి విమ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. నోరీ ఉంటే కుడివైపు రాసినదాన్ని దాని అసలు అర్థంలోనే తీసుకుంటుంది. అన్ని మ్యాపింగులకూ నోరీ ఉన్నదే వాడండి.

ఇంకో గుంట. విమ్‌ఆర్‌సిలో డబుల్ కోట్‌తో మొదలయ్యేది కామెంట్ అని తెలుసు కదా. మ్యాపింగ్ ఉన్న లైను చివర మాత్రం కామెంట్ రాయకండి. అక్కడ కోట్ కూడా, దాని వెనకున్న మాటలు కూడా మ్యాపింగ్‌లో భాగమైపోతాయి. పై లైను పక్కన 'ఎస్కేప్ కోసం' అని ఇంగ్లీషులో రాస్తే, జే-కే కొట్టిన ప్రతిసారీ నార్మల్ మోడ్‌లోకి వెళ్లి ఆ అక్షరాలన్నిటినీ కమాండ్లుగా నడుపుతుంది. లైను చివర మిగిలిపోయిన ఒక్క ఖాళీ కూడా కర్సర్‌ను ఒక అడుగు కుడికి జరుపుతుంది. కామెంట్ పై లైన్లో రాసుకోండి.

ఈసారి పని: ఇరవై లైన్లు రాయండి, ప్రతి లైన్లో ఎక్కడో ఒకచోట గుండ్రటి బ్రాకెట్లలో ఏదో ఒక మాట ఉండాలి, ఒక్కో లైన్లో ఒక్కో చోట. ఆ మాటలన్నీ ఒకే కొత్త మాటగా మార్చాలి, కొత్త మాటను ఒక్కసారే టైపు చేయాలి. కోట్స్‌తో చేసినట్టు జే-చుక్క కొడితే ఇక్కడ కుదరకపోవచ్చు. కర్సర్‌ను ముందు బ్రాకెట్ మీదికి తీసుకెళ్లే దారి ఏదో చూడండి, దానికి కావలసిన కీలన్నీ ఈపాటికి మీకు తెలుసు. వచ్చే భాగంలో జవాబుతో పాటు క్యూ కీతో రికార్డు చేసే మ్యాక్రోలు మొదలుపెడదాం. చుక్క ఒక మార్పు దగ్గర ఆగిపోతుంది, నాలుగు మార్పులు కలిపి తిప్పాలంటే అవి కావాలి.