కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: తేదీ లేని గోడ వయసు తెలుసుకోవడం

మూడో పాఠంలో ఇటలీలోని సిసిలీ ద్వీపపు ఉత్తర తీరాన ఉన్న చెఫలూ కథీడ్రల్‌ను చూశాం. అక్కడ మన పని సులువైంది. బలిపీఠం వెనుక గోడ మీది మొజాయిక్ బొమ్మల (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసినవి) కింద, లాటిన్‌లో, 1148 అని రాసే ఉంది. ఈసారి అదే ద్వీపంలో, పలెర్మో నగరానికి ఎగువన కొండవాలు మీద నిలిచిన మొన్రియాలె కథీడ్రల్‌కు వెళదాం. లోపలి గోడల మీద ఆరు వేల చదరపు మీటర్లకు పైగా బంగారు మొజాయిక్ పరుచుకుని ఉంది. ఇంతలోనూ, ఏ సంవత్సరంలో చేశారో చెప్పే మాట ఒక్కటి లేదు.

రాత లేనప్పుడు రెండు హద్దులు వెతకాలి. మొదటిది, ‘ఇంతకు ముందు కాదు’. రెండోది, ‘ఇంతకు తరువాత కాకపోవచ్చు’. ఈ రెండు వాక్యాల ముగింపులో తేడా గమనించారా? అది కావాలని పెట్టిందే. కారణం చివరకు తెలుస్తుంది.

బలిపీఠం వెనుక అర్ధవృత్తాకారపు గోడను చూడండి. పైన విశాలమైన క్రీస్తు ముఖం. అందరి చూపూ అక్కడే ఆగిపోతుంది. మీరు మాత్రం కిందికి రండి. అట్టడుగు వరుసలో నిలబడిన పునీతుల్లో ఒకరి పక్కన లాటిన్‌లో పేరుంది: కాంటర్‌బరీకి చెందిన పునీత థామస్. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి థామస్ బెకెట్ ఇతనే. రాజు రెండవ హెన్రీకి చెందిన నలుగురు యోధులు 1170 డిసెంబరు 29న ఇతణ్ణి అతని చర్చిలోనే నరికి చంపారు. పోప్ మూడవ అలెగ్జాండర్ 1173లో పునీతుడిగా ప్రకటించాడు.

మనకు కావలసింది ఆ ‘పునీత’ అనే మాట. 1173కు ముందు ఈ బొమ్మకు ఆ పేరు తగిలించి బలిపీఠం వెనుక నిలబెట్టడం ఊహించలేం. తొలి హద్దు దొరికింది. గోడంతా మెరిసే బంగారం కంటే ఈ చిన్న పేరే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. రక్తం ఆరి ఎన్నో ఏళ్లు కాకముందే హతుడి రూపం సముద్రాలు దాటి ఈ కొండకు చేరింది.

ఇక్కడ ఒక వల ఉంది, జాగ్రత్త. ఈ కథీడ్రల్ కట్టించిన సిసిలీ రాజు రెండవ విలియం 1177లో జోన్‌ను పెళ్లాడాడు. ఆమె ఆ హెన్రీ కూతురే. తండ్రి పాపానికి కూతురు ప్రాయశ్చిత్తంగా ఈ బొమ్మ చేయించిందని కథ అల్లాలనిపిస్తుంది. గోడ ఆ మాట చెప్పడం లేదు. ఎవరు చేయించమన్నారో బొమ్మకు తెలియదు. మీ నోటు పుస్తకంలో సంవత్సరాన్ని ఒక పక్కన, ఊహను మరో పక్కన రాసుకోండి. రెండింటినీ ఒకే వాక్యంలో కలపవద్దు.

తుది హద్దు కోసం విలియం బొమ్మలు చూడాలి. ఒకదానిలో క్రీస్తు అతనికి కిరీటం పెడుతున్నాడు. మరొకదానిలో అతను ఈ చర్చి నమూనానే చేతుల్లో పట్టుకుని మరియ మాతకు సమర్పిస్తున్నాడు. దాత బ్రతికి ఉండి, ఖర్చు భరిస్తున్నప్పుడు చేయించే బొమ్మలివి. అతను వారసుడు లేకుండా 1189లో చనిపోయాడు. ఆ వెంటనే సింహాసనం కోసం పోరు మొదలైంది. కాబట్టి పనిలో చాలా భాగం అప్పటికి పూర్తయి ఉండాలి. అయితే ఇది 1173 అంత గట్టి హద్దు కాదు. మిగిలిపోయిన పనిని తరువాతివారు ముగించి ఉండవచ్చు. ‘కాకపోవచ్చు’ అని రాసింది అందుకే.

పైకప్పును చూసి మాత్రం ఏదీ తేల్చవద్దు. 1811లో ఇక్కడ అగ్నిప్రమాదం జరిగింది. ఆ తరువాత కప్పును బాగుచేశారు. పడమటి ముఖమండపం 18వ శతాబ్దానిది.

అభ్యాసం: పడమటి కంచు తలుపు మీద పీసా నగర శిల్పి బొనన్నో తన పేరూ, 1186 అనే సంవత్సరమూ రాశాడు. మొజాయిక్‌కు ఇది హద్దు అవుతుందా? తలుపును ఎక్కడో పోతపోసి తెచ్చి బిగించవచ్చన్న సంగతి గుర్తుంచుకుని, ఐదు వాక్యాల్లో జవాబు రాయండి. వచ్చే పాఠంలో పక్కనున్న సన్యాసుల మఠపు ప్రాంగణంలోకి వెళతాం. అక్కడ ఒక స్తంభం తలపై విలియం మళ్లీ ఇదే చర్చిని సమర్పిస్తూ కనిపిస్తాడు, ఈసారి రాతిలో.