పాత ఉత్తరాలు చదవడం – 3వ పాఠం: తేదీ తేల్చడం

కిందటి పాఠంలో గొలుసుకట్టు రాతను విడదీశాం. మాటల మధ్య ఎడం లేని ఆ వరుసలు ఈపాటికి కంటికి కొంత అలవాటై ఉంటాయి. ఇవాళ ఉత్తరం ఏ ఏటిదో తేల్చడం నేర్చుకుందాం. మనకు ఆధారం సి.పి. బ్రౌన్. కడపలో, మచిలీపట్నంలో, మద్రాసులో కొలువు చేస్తూ, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించినవాడు. అలాంటివాడికి వచ్చే ఉత్తరంలో జీతం సంగతీ పద్యంలోని పాఠాంతరం సంగతీ ఒకే కాగితంలో పడతాయి. వాటిని ‘సొంతవి’, ‘ఉద్యోగానివి’ అని రెండు కట్టలు కట్టకండి. కడితే మనిషి కనిపించడు.

అభ్యాసానికి ఒక ఉత్తరం ఊహించుకోండి. పైన ‘శార్వరి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి’ అని ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. శార్వరి అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1780, 1840, 1900. బ్రౌన్ పుట్టింది 1798లో, పోయింది 1884లో. కాబట్టి మిగిలేది 1840 ఒక్కటే. అసలు బ్రౌన్ విషయంలో మనకు గొప్ప సౌకర్యం ఉంది. ఆయన 1817లో మద్రాసు వచ్చాడు, 1855లో వెళ్లిపోయాడు. అరవై ఏళ్లు నిండలేదు గనక, ఈ దేశంలో ఆయనకు అందిన ఉత్తరాల్లో ఏ సంవత్సరం పేరూ రెండేళ్లను సూచించదు.

తొందరపడి 1840 అని రాసేయకండి. చాలామంది కాలుజారేది ఇక్కడే, మొదట్లో నేనూ జారాను. శార్వరి 1840 ఉగాదితో మొదలైంది. మాఘం ఏడాది చివరి నెలకు ముందుది, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. మన ఉత్తరం 1841 జనవరి నెలాఖరుది. పుష్య మాసం దగ్గర మాత్రం పంచాంగం తీసి చూడాల్సిందే, ఎందుకంటే అది డిసెంబరు, జనవరి రెండింటి మీదా పడుతుంది. వారం పేరు కూడా రాసి ఉంటే తిథితో సరిపోతుందో లేదో చూడండి. అది సరిపోయిందంటే నిశ్చింత.

కచేరీ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కనబడుతుంది. దానికి 590 కలపండి: ఫసలీ 1250 అంటే 1840 జూలై ప్రాంతంలో మొదలై మరుసటేడు అదే వేళకు ముగిసేది.

తపాలా బిళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. దేశమంతటికీ ఒకే ధర అరణా బిళ్ల 1854లో గానీ రాలేదు, అప్పటికి బ్రౌన్ ఇక్కడ ఉండబోయేది కొద్ది నెలలే. అంతకుముందు దూరాన్ని బట్టి, బరువును బట్టి రుసుము. 1846లో మద్రాసు పోస్టుమాస్టరు జనరల్‌ అయిన మనిషి కట్టల్లో బిళ్లలు వెతుక్కోవలసి రావడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

సంబోధన చదివేటప్పుడు ఒక్క మాట. వయసులో, పదవిలో పైవాడైన దొరకు పండితుడు ‘ఆశీర్వచనములు’ అని రాస్తే అది గర్వం కాదు, ఆయన కులాచారం. ‘నమస్కారములు’ అని రాసినవాడెవరో, ‘అర్జీ’ అని మొదలుపెట్టినవాడెవరో ఒక పట్టీలో వేసుకోండి.

పాఠం అభ్యాసం: ‘నందన నామ సంవత్సర ఫాల్గుణ బహుళ దశమి’ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చండి. నందన 1832లో మొదలైంది, గుంటూరు సీమను కరువు కాల్చిన ఏడది. వచ్చే పాఠంలో జవాబు సరిచూసి, ఒక వైపు ఉత్తరాలే మిగిలినప్పుడు రెండో వైపును ఎలా ఊహించాలో చూద్దాం.