తాగుడూ మనసు జబ్బూ కలిసి ఉన్న మనిషికి వైద్యం ఎలా చేయించాలి

రోజూ తాగే మనిషికి దిగులో, భయమో, అనుమానమో కూడా ఉంటే ఇంట్లో ఒకటే వాదన: తాగడం వల్ల ఇలా అయ్యాడా, ఇలా ఉన్నాడు కాబట్టి తాగుతున్నాడా? డాక్టరు తేల్చాల్సిందీ అదే. పది నిమిషాల ఓపీలో అది తేలదు. తేల్చే ఆధారం మీ ఇంట్లోనే ఉంది, రాసి తీసుకెళ్లాలి.

తేదీల నోటుబుక్కు

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు తాగుడు, కుడివైపు మనసు. ఏ ఏడు ఏం జరిగిందో గుర్తు రాకపోతే ఊరందరికీ తెలిసిన గుర్తులు పట్టుకోండి: 1996 నవంబరు తుఫాను, 2003 గోదావరి పుష్కరాలు, 2015 పుష్కరాలు, ఇంట్లో పెళ్లి, రొయ్యల చెరువు దెబ్బతిన్న ఏడు.

ఎడమవైపు తాగుడు ఎప్పుడు మొదలైంది, పొద్దున్నే తాగితే గానీ చేతి వణుకు ఆగని స్థితి ఎప్పుడు వచ్చింది, రోజుకు ఎంత అనేవి రాయండి. "కొంచెం" అనే మాట పనికిరాదు. 42.8 శాతం బలం ఉన్న 180 మి.లీ. క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. డ్రింకుకి 10 గ్రాముల లెక్కన అది ఆరు డ్రింకులు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా అయితే నాలుగు. నాటుసారా, కల్లు బలం ఎవరూ చెప్పలేరు కాబట్టి ఎన్ని గ్లాసులో, ఎంత గ్లాసో రాయండి. నిద్ర కోసం మెడికల్ షాపులో కొనుక్కునే అల్ప్రాజొలాం, ఒళ్లునొప్పులకి వేసుకునే ట్రమడాల్ కూడా ఈ వైపే రాయాలి. ఇంట్లోవాళ్లు ఎక్కువగా దాచేది, మరిచిపోయేది వీటినే.

కుడివైపు నిద్ర, ఏడుపు, ఎవరో తిడుతున్నట్టు వినబడటం, రాత్రుళ్లు పడుకోకపోయినా అలసట లేకుండా తిరుగుతూ అప్పులు చేసి పంచిపెట్టిన రోజులు, చచ్చిపోతానన్న మాట.

ఇప్పుడు అసలు గీత. మనిషి పూర్తిగా మానేసి ఉన్న రోజులు వెతికి, రెండువైపులా అడ్డంగా గీయండి. మన వైపు ఇది సులువు, ఎందుకంటే అయ్యప్ప మాల ఉంది. మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని మనిషికి ఆ దీక్షలో నిద్ర ఎలా ఉంది? దిగులు రెండో మూడో వారానికి తేలికపడిందా, లేక స్వామి శరణం అంటూనే మూల కూర్చున్నాడా? అమెరికాలో 1988లో వెలువడిన ఒక అధ్యయనంలో తాగుడు వైద్యానికి చేరిన 191 మంది పురుషుల్ని వారం వారం పరీక్షించారు. చేరినప్పుడు 42 శాతం మందికి గట్టి దిగులు లక్షణాలున్నాయి, నాలుగో వారానికి అవి 6 శాతం మందిలోనే మిగిలాయి. అంటే తాగుడు తెచ్చిన దిగులు చాలావరకు నాలుగు వారాల్లో కరుగుతుంది. అప్పటికీ కరగనిదాన్ని, తాగుడికి ముందే ఉన్నదాన్ని వేరే జబ్బుగా చూడాలి. నలభై ఒక్క రోజులు అందుకు సరిపోయే గడువు.

అయితే నాలుగు వారాలు ఆగి చూడటం అందరికీ కాదు. చావు మాటలు, గొంతులు వినబడటం, నిద్రలేని అతి హుషారు, గతంలో తాగనప్పుడు కూడా వచ్చిన జబ్బు ఉంటే మనసు జబ్బుకి వైద్యం మొదటి రోజే మొదలవ్వాలి.

మానే మొదటి వారం

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. రోజూ గట్టిగా తాగే మనిషి మాల వేసుకున్న రోజునే ఒక్కసారిగా ఆపేస్తే, ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపు వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మనిషి తికమకపడి, లేని పురుగుల్ని దులుపుకుంటూ, అయినవాళ్లని గుర్తుపట్టకపోవచ్చు. దాన్ని గాలి సోకిందనుకుని గుడికి తీసుకెళ్తే ఆ కాస్త సమయమూ పోతుంది. 108కి ఫోన్ చేయండి. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఈసారి ఇంట్లో మాన్పించొద్దు, ఆసుపత్రిలోనే.

ఆసుపత్రిలో వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్ర ఇచ్చి, రోజుల లెక్కన తగ్గించుకుంటూ వస్తారు. లివరు బాగా చెడితే అదే రకం మాత్ర లొరాజిపామ్ వైపు మొగ్గుతారు. మిగిలిన మాత్రలు ఇంట్లో పెట్టుకుని వాడితే అదే కొత్త అలవాటవుతుంది.

ఇంకో పొరపాటు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఏళ్ల తరబడి తాగి, తిండి సరిగ్గా తినని ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. తూలడం, చూపు రెండుగా కనబడటం, తికమక దాని గుర్తులు. "థయమిన్ ఇంజెక్షన్ ముందు ఇచ్చారా?" అని అడగడం మీ హక్కు.

ఎక్కడికి తీసుకెళ్లాలి

"ముందు తాగుడు మాన్పించి తీసుకురండి" అనే మనసు వైద్యం, "ఆ మాత్రలూ మత్తే, ఆపేయండి" అనే తాగుడు సెంటరు, రెండూ వద్దు. రెండు జబ్బుల్నీ ఒకే వైద్యబృందం ఒకేసారి చూడాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దారి తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, మత్తు వ్యసనాల హెల్ప్‌లైన్ 14446, రెండూ ఉచితమే.

ప్రైవేటు సెంటరయితే చేర్చేముందు సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారో, రాత్రి ఫిట్స్ వస్తే చూసేదెవరో, ఇప్పుడు వాడుతున్న మనసు మాత్రలు కొనసాగిస్తారో లేదో అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులూ మానసిక జబ్బులే. గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. కట్టేసే చోట మీ మనిషిని ఒక్క రాత్రి కూడా ఉంచకండి.

మాత్రల సంగతి

కూరలో కలిపి తెలియకుండా మాన్పించే మందు గురించి మన ఊళ్లలో అడగనివారు లేరు. ఆ పేరుతో డైసల్ఫిరామ్, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, ఇస్తే, అది తెలియక తాగిన మనిషికి బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. గొంతులు వినబడే జబ్బుని అది పెంచగలదు కూడా. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే వాడాలి.

దిగులు ఉన్నవారికి రెండు మాత్రలూ కలిపి ఇవ్వడం మీద 2010లో ఒక పరిశోధన వచ్చింది. 170 మందికి 14 వారాలు ఇచ్చారు. దిగులుకి సెర్ట్రలిన్, తాగాలనే కోరిక తగ్గడానికి నాల్ట్రెక్సోన్ కలిపి వాడినవారిలో సగానికి పైగా పూర్తిగా మానేసి ఉండగలిగారు, ఒక్కటే వాడినవారిలో దాదాపు పావువంతు మందే. నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టేముందు ట్రమడాల్ సంగతి చెప్పి తీరాలి, లేకపోతే అలవాటైన మందు ఒక్కసారిగా ఆగినట్టయి ఒళ్లు విరుచుకుపడే బాధ (విత్‌డ్రాయల్) వస్తుంది. అతి హుషారు జబ్బుకి లిథియం వాడేవారు రోహిణీ కార్తె ఎండల్లో చెరువుగట్టున పనిచేస్తే చెమటతో నీరూ ఉప్పూ పోయి, రక్తంలో మందు పెరుగుతుంది. వాంతులు, తూలుడు, గట్టి వణుకు కనబడితే తర్వాతి డోసు వేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పురుగుమందు, పండగ

దిగులు, తాగుడు, చేతికందే చోట పురుగుమందు డబ్బా. ఈ మూడూ ఒక ఇంట్లో కలవకూడదు. శ్రీలంకలో 1990లలో అత్యంత విషపు పురుగుమందుల్ని నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. వైద్యం మొదలైన రోజే వరి పురుగుమందులన్నీ ఇంట్లోంచి తీసి, బయట తాళం వేసి, తాళంచెవి వేరే ఇంట్లో ఉంచండి.

మాల తీశాక వచ్చే సంక్రాంతికి ముందే లెక్క వేసుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కోడిపందాల బరుల దగ్గరికి వెళ్లకుండా ఎక్కడ ఉంటాడు, జేబులో డబ్బు ఎంత, మాత్రలు ఎవరి చేతిలో ఉంటాయి అన్నవి డిసెంబరులోనే అతనితో కూర్చుని తేల్చండి. జారి ఒక క్వార్టర్ తాగినా మనసు మాత్రలు సొంతంగా ఆపొద్దు. నిద్రమాత్ర మాత్రం ఆ రాత్రి వేయకండి, తాగుడుతో కలిస్తే ఊపిరి ఆడకుండా పోవచ్చు. పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చేసి, నోటుబుక్కులో ఎడమవైపు ఎంత తాగాడో, కుడివైపు అంతకు ముందు మూడు రోజుల నిద్ర ఎలా ఉందో రాయండి.