ఫోన్‌లో ఆఫీసు మెయిల్ సతాయిస్తోందా? సమస్య - కారణం - పరిష్కారం

ముందు ఒక పని చేయండి. ఫోన్‌లోనే క్రోమ్ తెరిచి, ఆఫీసు వెబ్‌మెయిల్‌లో లాగిన్ అయి చూడండి. అక్కడ తెరుచుకుంటే పాస్‌వర్డ్ బాగానే ఉన్నట్టు, తేడా యాప్ సెట్టింగ్స్‌లో ఉంది. అక్కడా తెరుచుకోకపోతే ఫోన్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, ఐటీ వాళ్లకి చెప్పాల్సిందే. ఇది చూసుకోకుండా అదే పాస్‌వర్డ్ పదేపదే కొట్టకండి. వరసగా తప్పులు పడితే చాలా సర్వర్లు అకౌంటునే లాక్ చేసేస్తాయి, అప్పుడు కంప్యూటర్‌లో కూడా మెయిల్ ఆగిపోతుంది.

తర్వాత మీది ఏ రకం మెయిలో కనుక్కోండి. విశాఖలోని రుషికొండ, మధురవాడ ఐటీ కంపెనీల్లో మామూలుగా మైక్రోసాఫ్ట్ 365 గానీ గూగుల్ వర్క్‌స్పేస్ గానీ ఉంటుంది. పోర్టు పనులు చూసే చిన్న షిప్పింగ్ ఏజెన్సీల్లో, ఆటోనగర్ యూనిట్లలో వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు వచ్చిన సొంత డొమైన్ మెయిల్ (కంపెనీ వెబ్‌సైట్ పేరుతోనే ఉండే మెయిల్) వాడేవాళ్లూ ఉంటారు. రెండింటికీ సెట్టింగ్ వేరు.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా తప్పంటోంది

మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి, గూగుల్ వర్క్‌స్పేస్ 2025లో, ఉత్త పాస్‌వర్డ్‌తో మెయిల్ యాప్‌లోకి వెళ్లే పాత పద్ధతిని ఆపేశాయి. పాత ఫోన్‌లో ఎన్నేళ్లుగానో నడిచిన సెట్టింగే ఇప్పుడు పనిచేయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. అకౌంటు తీసేసి మళ్లీ కలపండి. కలిపేటప్పుడు ‘అదర్’ నొక్కకుండా ‘ఎక్స్ఛేంజ్ అండ్ ఆఫీస్ 365’ లేదా ‘గూగుల్’ ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ లేదా గూగుల్ సైన్-ఇన్ పేజీ తెరుచుకుంటే సరైన దారిలో ఉన్నట్టే.

సొంత డొమైన్ మెయిల్ అయితే యూజర్‌నేమ్ చూడండి. పేరు ఒక్కటే చాలదు, చాలా హోస్టింగ్‌లలో ‘ఎట్’ గుర్తుతో సహా పూర్తి ఈమెయిల్ అడ్రస్ కొట్టాలి.

మెయిల్స్ వస్తున్నాయి, పంపినవి అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నాయి

సొంత డొమైన్ మెయిల్‌లో ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే. మెయిల్ తెచ్చే సర్వర్ వేరు, పంపే సర్వర్ వేరు. ఒకటి కుదిరినంత మాత్రాన రెండోది కుదిరినట్టు కాదు. ఐమ్యాప్ మెయిల్ తెచ్చే పద్ధతి, ఎస్‌ఎంటీపీ పంపే పద్ధతి. పోర్ట్ అంటే సర్వర్ తలుపు నంబరు లాంటిది. ఎస్‌ఎస్‌ఎల్, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అంటే దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతులు.

ఇన్‌కమింగ్: ఐమ్యాప్, పోర్ట్ 993, ఎస్‌ఎస్‌ఎల్.
అవుట్‌గోయింగ్: ఎస్‌ఎంటీపీ, పోర్ట్ 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్, 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్.

ఆండ్రాయిడ్‌లో 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకుంటే చక్రం తిరిగి తిరిగి ఆగిపోవచ్చు. పోర్ట్ 25 జోలికి పోవద్దు. స్పామ్ భయంతో చాలా నెట్‌వర్క్‌లు దాన్ని మూసేస్తాయి. ఐఫోన్‌లో ఇంకో చిక్కుంది: అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గడుల్లో ‘ఆప్షనల్’ అని లేతరంగులో కనిపిస్తుంది. అది నమ్మి ఖాళీగా వదిలేయకండి, రెండూ నింపాలి.

ఒక్క మెయిలే ఆగితే అటాచ్‌మెంట్ సైజు చూడండి. మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైలు సుమారు మూడో వంతు పెరుగుతుంది. సర్వర్ హద్దు 25 ఎంబీ అయితే 20 ఎంబీ స్కాన్ కాపీ కూడా దాటేస్తుంది.

సర్టిఫికెట్ హెచ్చరిక వస్తోంది

సర్టిఫికెట్ అంటే ఇది అసలు సర్వరేనని చూపే గుర్తింపు. ఫోన్‌లో తేదీ, టైము ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడండి. రైల్వే స్టేషన్ వైఫైలో ఉంటే ఓటీపీ లాగిన్ పూర్తి చేయండి, లేదా మొబైల్ డేటాకి మారండి. అయినా వస్తుంటే సర్వర్ పేరు హోస్టింగ్ వాళ్లు ఇచ్చినట్టే ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చండి. ‘యాక్సెప్ట్ ఆల్ సర్టిఫికెట్స్’ మాత్రం నొక్కకండి. మధ్యలో ఎవరైనా మీ పాస్‌వర్డ్ పట్టేసినా మీకు తెలియదు.

యాప్ తెరిస్తేనే మెయిల్ వస్తోంది

ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ పొదుపు యాప్‌ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్, యాప్స్, మీ మెయిల్ యాప్, బ్యాటరీ, ‘అన్‌రిస్ట్రిక్టెడ్’. షావోమీ, వివో, ఒప్పో ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. ఐఫోన్ మెయిల్ యాప్‌లో సొంత డొమైన్ ఐమ్యాప్‌కి మామూలుగా పుష్ (మెయిల్ రాగానే ఫోన్‌కి చేరడం) ఉండదు. ‘ఫెచ్’ని (ఫోనే వెళ్లి కొత్త మెయిల్ చూసుకోవడం) 15 నిమిషాలకు పెట్టుకోండి.

ఫోన్‌లో వచ్చిన మెయిల్ ఆఫీసు కంప్యూటర్‌లో లేదు

ఎక్కడో ఒకచోట ఐమ్యాప్‌కి బదులు పాప్ (మెయిల్ తెచ్చే ఇంకో పద్ధతి) పెట్టి ఉంటారు. అది మెయిల్‌ని దించుకుని సర్వర్ నుంచి తీసేయగలదు. రెండుచోట్లా ఐమ్యాప్‌కి మార్చండి. మార్చే ముందు, దించుకున్న మెయిల్స్‌కి కాపీ తీసుకోండి, అకౌంటు తీసేస్తే అవి పోతాయి.

కొత్త ఫోన్‌లో కోడ్ అడుగుతోంది

ఆ కోడ్ ఎక్కువగా పాత ఫోన్‌లోని ఆథెంటికేటర్‌లో (లాగిన్ కోడ్ చూపే యాప్) ఉంటుంది. సిమ్ మార్చినంత మాత్రాన అది కొత్త ఫోన్‌లోకి రాదు. జగదాంబ దగ్గర షాపులో పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చే ముందే కొత్తదాన్ని నమోదు చేసి, ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. ఇచ్చేశాక గుర్తొస్తే ఎక్కువగా ఐటీ వాళ్లు రీసెట్ చేయాల్సి వస్తుంది.