బండి కొనేటప్పుడు ట్యాంకు సైజు చూడాలా?

కర్నూలులోనో అనంతపురంలోనో ఊళ్లో తిరగడానికే బండి అయితే ట్యాంకు సంగతి వదిలేయండి. ట్యాంకు పెద్దదైతే వారానికోసారి బంకుకి పోయేవాళ్లు పది రోజులకోసారి పోతారు, అంతే తేడా. 44వ నంబరు హైవే మీద కూడా టెన్షన్ లేదు. కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు, దారిలో బంకులకు కొదవ లేదు.

లెక్క మారేది ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు. నల్లమలలోకి దిగాక బంకు దొరుకుతుందని నమ్ముకోకూడదు. ఆత్మకూరులోనే ఫుల్ చేయించుకోండి.

షోరూమ్‌లో లీటర్లు ఒక్కటే చూడొద్దు. స్ప్లెండర్ ప్లస్ ట్యాంకు 9.8 లీటర్లే, కానీ లీటరుకి 60 కిలోమీటర్లు ఇస్తే ఫుల్ ట్యాంకుకి 580 దాటుతుంది. క్లాసిక్ 350కి 13 లీటర్లు పడుతుంది, లీటరుకి 32 వస్తే 416 దగ్గర ఆగిపోతుంది. అందులోనూ చివరి లీటరు, లీటరున్నర లెక్కలోంచి తీసేయండి. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పాతకాలం రిజర్వ్ నాబ్ (పెట్రోలు అయిపోవస్తే తిప్పి, అడుగున మిగిలింది వాడుకునేది) ఉండదు. వీటిలో ఇంజన్‌కి పెట్రోలు పంపే పంపు సాధారణంగా ట్యాంకు లోపలే ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. అస్తమానం అడుగంటేదాకా నడిపితే పంపు దెబ్బతింటుంది. మన ఎండల్లో ఆ పని అసలే వద్దు.

కంపెనీ చెప్పే మైలేజీ కాదు, ఆ బండి వాడుతున్నవాళ్లను అడగండి: ఒక ఫుల్ ట్యాంకు నుంచి ఇంకో ఫుల్ ట్యాంకు దాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రెండోసారి ఎన్ని లీటర్లు పట్టింది అని. నేనైతే ఫుల్ ట్యాంకుకి 300 కిలోమీటర్లు వచ్చే బండికి ట్యాంకు గురించి ఆలోచించను, సీటు ఎత్తు చూస్తాను.